కిటికీలో అమ్మ, తోరణంతో సహా

ఆర్.కె. పురం, న్యూఢిల్లీ
20 ఆగస్టు 2006

చిరంజీవి సౌభాగ్యవతి ఉషకు,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ, మీ వదినా, అమ్మా, ఇషితా కులాసా. కాకినాడలో వానలు పట్టుకున్నాయని టీవీలో చూశాను. బావగారి దగ్గు తగ్గిందా?

నువ్వు ఫోన్లో అడిగినదానికి ఉత్తరంలో జవాబు రాస్తున్నానని నవ్వకు. మా ఫోను హాల్లో, అమ్మ మంచానికి చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంటుంది. అమ్మకి శుక్లాలు వచ్చాయని కంటి డాక్టరు అన్నాడు గానీ చెవుల సంగతి ఆయనకేం తెలుసు? నేను గుసగుసగా మాట్లాడితే ఇంకా బాగా వినబడుతుంది ఆవిడకి. అందుకని ఆఫీసులో కూర్చుని రాస్తున్నాను. నువ్వు కూడా ఆఫీసు చిరునామాకే రాయి.

అమ్మది ఒక మంచి ఫోటో కావాలన్నావు. నిజమే, ఒక్కటీ లేదు. నాన్నగారి విషయంలో ఏం జరిగిందో గుర్తుంది కదా. ఆయన పోయాక ఇల్లంతా వెతికితే పెళ్లి గ్రూపు ఫోటో ఒక్కటి దొరికింది. దాంట్లోంచి ఆయన్ని కత్తిరించి పెద్దది చేయించాం. ఇప్పటికీ గోడ మీద ఆయన భుజాన శ్రీరాములు బాబాయి చెయ్యి ఉంది, మనిషి లేకుండా చెయ్యి ఒక్కటే. అమ్మకి అలాంటి గతి పట్టకూడదు. ఆ మాట నువ్వూ అన్నావు, నేనూ అనుకున్నాను.

సరే, డిజిటల్ కెమెరా ఒకటి కొన్నాను. చిన్నదే. కొన్న రోజునే తెలిసింది, ఫోటో తీయడం అంటే మీట నొక్కడం కాదని. నా ఫోటోల్లో మీ వదినకి తల ఉండటం లేదు, ఉంటే కళ్లు మూసుకుని ఉంటున్నాయి. ఇషిత చూసి, "పాపా, ఆప్ ఫోరమ్ జాయిన్ కర్ లో" అంది. ఇంటర్నెట్లో ఢిల్లీ వాళ్లంతా చేరి ఫోటోలు పెట్టుకుని ఒకరి ఫోటోలు ఒకరు దిద్దుకునే చోటు ఒకటుంది. పేరు 'ఢిల్లీ దృశ్య్'. దాంట్లో చేర్పించింది. నేర్చుకున్నాక అమ్మ ఫోటో తీస్తాను. అంతవరకూ ఆవిడతో అనకు.

మొదటగా కుతుబ్ మినార్ ఫోటో పెట్టాను. ఆ ఫోరమ్‌కి పెద్ద ఒకాయన ఉన్నాడు, నోయిడాలో ఉండే రిటైర్డ్ కర్నల్. అందరూ కర్నల్ సాబ్ అంటారు. ఆయన ఒకే ఒక్క మాట రాశాడు: "ఈ మినార్ పీసా నుంచి బదిలీ మీద వచ్చిందా?"

ఇంత వయసు వచ్చాక ఇదేం ఖర్మ చెప్పు.

ఆశీస్సులతో,
సదాశివరావు


కాకినాడ
2 సెప్టెంబరు 2006

పూజ్యుడైన అన్నయ్యకు,

ఉష నమస్కారాలు. మీ బావగారి దగ్గు తగ్గింది, తగ్గినట్టు ఒప్పుకోవడమే తగ్గలేదు. నీ ఉత్తరం పైకి చదివి వినిపిస్తే ఆయన కుతుబ్ మినార్ దగ్గర పది నిమిషాలు నవ్వారు.

అయినా నాకు అర్థం కాక అడుగుతాను, మొహం తెలియని మనిషి నీ ఫోటోని అంత మాటన్నాక నువ్వు ఎందుకు ఊరుకున్నావు? ఇంట్లో ఉప్పు ఎక్కువైందని నాన్న అంటే రెండు రోజులు అన్నం మానేసినవాడివి. ఆ కర్నల్ ఇంటికి వస్తూ పోతూ ఉంటాడా? వస్తే వదినకి ఇబ్బంది కదా. కొత్తవాళ్లని ఇంటికి రానివ్వకు.

శ్రీరాములు బాబాయి చెయ్యి మాట ఎత్తావు. మా నవదీప్ చిన్నప్పుడు ఆ చెయ్యి చూసి తాతయ్య వెనకాల దొంగ ఉన్నాడని ఏడ్చేవాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో వాడికి ఉద్యోగం, వాడికీ ఒక కెమెరా. ఏం తీస్తాడో తెలియదు. అన్నీ పూల మీద ఈగలే.

అమ్మ ఫోటో త్వరగా తీయి అన్నయ్యా. నేర్చుకున్నాక తీస్తానంటావు, నువ్వు సైకిలు నేర్చుకోవడానికి ఎన్నేళ్లు పట్టిందో నాకు తెలుసు. బాగా లేకపోయినా ఫరవాలేదు. తల ఉంటే చాలు.

వదినకి నా నమస్కారాలు, ఇషితకి ముద్దులు.

నీ చెల్లెలు,
ఉష


ఆర్.కె. పురం
24 సెప్టెంబరు 2006

చిరంజీవి ఉషకు,

ఆశీస్సులు. కర్నల్ మా ఇంటికి రాడు. ఎవరూ ఎవరింటికీ రారు. అంతా కంప్యూటర్లోనే. నీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. రచ్చబండ అనుకో, కాకపోతే ఎవరి మొహమూ కనబడదు, మాట ఒక్కటే వినబడుతుంది. అందుకే నోటికి అడ్డూ ఆపూ ఉండదు.

నా మీద అక్కడ అందరికీ కోపంగా ఉందిట. తప్పు నాది కాదు, ముందు విను. ఒక ఫోటో పెట్టాలంటే ఐదుగురి ఫోటోల మీద అభిప్రాయం రాయాలని వాళ్ల నియమం. నియమం అన్నాక పాటించాలి. మిగతావాళ్లు "వాహ్", "క్యా బాత్ హై" అని గీకేసి పోతారు. నాకది చేతకాదు. సెక్షన్లో ఫైలు చూసినట్టే చూసి నోటు రాశాను. "పై చిత్రం పరిశీలించడమైనది. ఎడమ వైపున కనిపిస్తున్న చెత్తకుండీ అక్కడ ఎందుకున్నదో వివరణ కోరడమైనది." ఇలా. ఆ ఫోటో తీసిన కుర్రాడు నేను వెటకారం చేస్తున్నానని అనుకున్నాడు. నా ఫోటో మీద ఎవరైనా ఏమైనా రాస్తే, "తమ వ్యాఖ్య అందినది, పరిశీలనలో ఉన్నది" అని జవాబు ఇస్తున్నాను. అది కూడా వెటకారమేనట! ముప్ఫై రెండేళ్లుగా ఇదే రాస్తున్నాను ఉషా, ఎవరూ వెటకారం అనలేదు. ఇషిత తల పట్టుకుని, "పాపా, ఐసే నహీ లిఖ్తే" అంటుంది. ఎలా రాయాలో మాత్రం చెప్పదు.

ఫోటో కింద నేను రాసే వివరాల మీద కూడా గొడవే. లోధీ గార్డెన్‌లో ఉడత ఫోటో పెట్టి, ఏ రోజు, ఏ వేళ, ఉడత ఏ దిక్కుకి వెళుతోంది, అన్నీ రాశాను. కర్నల్ రాశాడు: "సార్, ఫోటో మాట్లాడాలి. మీరు కాదు." ఇకమీదట ఒక్క ముక్క కూడా రాయను. మాట ఇచ్చాను.

ఇవన్నీ మానేద్దామని రోజూ అనుకుంటాను. కానీ నీకు చెప్పుకోడానికి సిగ్గెందుకు, సర్వీసంతా నేను రాసిన డ్రాఫ్టులు ఇంకొకళ్ల సంతకంతోనే పైకి వెళ్లాయి. ఇక్కడ ఫోటో కింద నా పేరుంటుంది. ఒక్కసారి, ఒక్క ఫోటోకి, ఆ కర్నల్ చేత బాగుందనిపించుకుంటే చాలు. తర్వాత కెమెరా ఇషితకి ఇచ్చేస్తాను.

ఇక అసలు సంగతి. మొన్న ఆదివారం అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి కెమెరా ఎత్తాను. ఆవిడ కొంగు మొహం మీదకి లాగేసుకుని, "నా ఫోటో దేనికిరా? దండ వేయడానికా?" అంది. కాదమ్మా, ఊరికే అన్నాను. "ఇన్నేళ్లూ లేని ఊరికే ఇప్పుడెందుకొచ్చింది? కంటి డాక్టరు ఏమన్నాడు నీతో బయట నిలబడి?" అంది. శుక్లాల గురించే అన్నాడంటే నమ్మదు. ఆ రోజునుంచి కెమెరా చూస్తే చాలు, వంటింట్లోకి వెళ్లిపోతోంది.

నువ్వు ఫోన్లో ఏమైనా అన్నావా? నిజం చెప్పు.

సదాశివరావు


కాకినాడ
5 అక్టోబరు 2006

అన్నయ్యకు,

ఉష నమస్కారాలు.

అన్నాను. నువ్వు చెప్పొద్దన్నావు గానీ నోరు ఆగలేదు. "అమ్మా, అన్నయ్య ఫోటో తీస్తానంటే వద్దనకు, ఒక్కటి తీయించుకో, నాకోసం" అన్నాను. అంతే. "నీకూ చెప్పాడన్నమాట" అని ఫోను పెట్టేసింది. ఏం చెప్పావు, ఎవరికి చెప్పావు అన్నది నాకు తెలియదు. ఇప్పుడు నీ ఉత్తరం చూశాక తెలుస్తోంది.

పోనీలే. ఆవిడ చూడనప్పుడు తీసెయ్యి. దొంగతనం ఏమీ కాదు, మన అమ్మే కదా.

దసరాకి ఇక్కడ మామూలే. వదిన తోరణాలు కట్టిందా? అక్కడ మామిడాకులు దొరకవు కదా. నాకు తెలుసు, వదిన బంతిపూలతోనే ఇల్లంతా నింపేసి ఉంటుంది.

అన్నట్టు, నీ ఫోటోలు చూడాలని నవదీప్ అంటున్నాడు. ఆ ఫోరమ్ పేరు వాడికి చెప్పాను. తప్పా?

ఉష


ఆర్.కె. పురం
19 అక్టోబరు 2006

చిరంజీవి ఉషకు,

ఆశీస్సులు. ఈ ఉత్తరం సంతోషంగా రాస్తున్నాను. అమ్మ ఫోటో వచ్చింది!

నువ్వన్నట్టే చేశాను. పొద్దున్నే కూరగాయల బండి వచ్చే వేళకి అమ్మ హాల్లో కిటికీ దగ్గర నిలబడుతుంది కదా. కింది అంతస్తు క్వార్టరు, కిటికీలోంచే బేరం. ఆవిడ హిందీ నీకు తెలుసు: "భయ్యా, ధనియా ముఫ్త్ దేగా కీ నై?" అని దబాయిస్తుంది. ఆ రోజు కొత్తిమీర ఊరికే ఇవ్వనని వాడు మొండికేశాడు. నేను వేపచెట్టు వెనకాల నిలబడి ఉన్నాను. పెద్ద వాదన అయ్యింది. చివరికి వాడే ఓడిపోయి కట్ట చేతికిచ్చి బండి తోసుకుపోయాడు. అమ్మ కొత్తిమీర పట్టుకుని, వాడు వెళ్లిన వైపు అలా చూస్తూ ఒక్క క్షణం నిలబడింది. అప్పుడు నొక్కాను.

ఇషిత దాన్ని నలుపు తెలుపులోకి మార్చింది. ఎంత బాగుందో నేను చెప్పలేను. మొహంలో ప్రతి గీతా కనిపిస్తోంది. కర్నల్ మాట గుర్తు పెట్టుకుని వివరాలేమీ రాయలేదు. 'అమ్మ' అని మాత్రం పెట్టాను.

మర్నాడు ఆఫీసు నుంచి వచ్చి చూస్తే, ఫోరమ్ అంతా నా ఫోటో దగ్గరే ఉంది. ఎప్పుడూ పలకరించనివాళ్లు కూడా రాశారు. ఆ చెత్తకుండీ కుర్రాడు కూడా! ఇక కర్నల్ ఏం రాశాడో విను: "నా దగ్గర మాటల్లేవు. ఇది చూసి లేచి వెళ్లి మా అమ్మకి ఫోన్ చేశాను." డిసెంబరులో నోయిడాలో వాళ్లందరి ఫోటోలతో ఒక ప్రదర్శన పెడుతున్నారు. దానికి మొదటి ఫోటోగా దీన్ని ఎంపిక చేశారు. ద్వారం ఎదురుగా పెడతారట.

చాలామంది కన్నీళ్లు పెట్టుకున్నామని రాశారు. కొంచెం ఎక్కువే అనిపించింది. అయినా పోనీ.

కాపీ ఒకటి తీయించి పంపుతాను, తొందరపడకు. అమ్మకి ఇంకా చూపించలేదు. ఆవిడ ఈ మధ్య నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. తన రాగి బిందె మీ వదిన చేతిలో పెట్టి, "నీ దగ్గరుంచు" అందిట. ఆవకాయ పాళ్లు ఇషితకి నేర్పుతోంది. దానికి తెలుగు సగమే అర్థమవుతుంది, "అచ్ఛా దాదీ, అచ్ఛా దాదీ" అంటోంది. ఇదంతా ఏమిటో.

సదాశివరావు


కాకినాడ
3 నవంబరు 2006

అన్నయ్యా,

నీకు నమస్కారం పెట్టడానికి కూడా చేతులు రావడం లేదు.

నిన్న తెల్లవారకుండానే నవదీప్ హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. "అమ్మా, అమ్మమ్మ పోయిందా? నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. నీ ఫోరమ్‌లో అమ్మ ఫోటో చూశాడట. దాని కింద వరసగా, "ఓం శాంతి", "భగవాన్ ఉన్‌కీ ఆత్మా కో శాంతి దే", "మీ దుఃఖంలో పాలు పంచుకుంటున్నాం" అని ఉన్నాయట. ఫోటోలో అమ్మ మెడ కిందుగా బంతిపూల దండ ఉందట! చట్రంలో అమ్మ, చట్రానికి దండ. ఇంకేం అనుకుంటాడు వాడు? ఎవరైనా ఏం అనుకుంటారు?

వెంటనే మీ ఇంటికి ఫోన్ చేశాను. నువ్వు ఎత్తుతావనుకున్నాను. "హలో" అని అమ్మ గొంతు వినబడింది. నేను ఏడ్చేశాను అన్నయ్యా. వెక్కి వెక్కి ఏడ్చాను. "నువ్వేనా అమ్మా, నువ్వేనా" అంటూనే ఉన్నాను. అమ్మ నెమ్మదిగా, "ఊరుకో ఉషా. డాక్టరు చెప్పింది నాకు ఎప్పుడో అర్థమైంది. ఏడవకు. మీ అన్నయ్యని కూడా ఏడవొద్దని చెప్పు" అంది.

ఏమిటిది? ఏం దాస్తున్నావు నా దగ్గర? నిజంగా అమ్మకి ఏమైనా ఉందా? అందుకేనా ఫోటో అనగానే కెమెరా కొని అంత హడావిడి పడ్డావు? రాగి బిందె ఇచ్చేసిందని నువ్వే రాశావు, అదేమిటో అని నువ్వే రాశావు. మీ బావగారు టికెట్టు బుక్ చేస్తానంటున్నారు.

ఇంకొక మాట. ఆ సంతాపాలన్నీ నువ్వు చదివావు. చదివి నాకు ఏం రాశావు? "కొంచెం ఎక్కువే అనిపించింది. అయినా పోనీ." పోనీనా? బతికున్న అమ్మకి జనం శాంతి కోరుతుంటే, పోనీనా?

వెంటనే జవాబు రాయి. ఈసారి ఇంటి నుంచి ఫోన్ చేసినా సరే, అమ్మ విన్నా సరే.

ఉష


ఆర్.కె. పురం
9 నవంబరు 2006

చిరంజీవి ఉషకు,

ఆశీస్సులు. నిన్న ఫోన్లో సగమే చెప్పగలిగాను. మీ వదిన అమ్మని పక్కింటికి తీసుకెళ్లింది గానీ, ఆవిడ శాలువా మరచిపోయానని వెనక్కి వచ్చేసింది. మిగతాది రాస్తున్నాను.

మొట్టమొదట, అమ్మకి శుక్లాలు తప్ప ఏ జబ్బూ లేదు. మన పిల్లల మీద ఒట్టు. రిపోర్టు కాపీ దీనితో పంపుతున్నాను, బావగారికి చూపించు.

ఆ దండ. అది దండ కాదు ఉషా, మీ వదిన దసరాకి కిటికీకి కట్టిన బంతిపూల తోరణం. ఒక వైపు దారం జారిపోయి మధ్యలో వేలాడింది. అమ్మ దాని వెనక నిలబడింది. కిటికీ చట్రం ఉంది, ఊచలు ఆ వైపు లేవు, రెక్క తెరిచి ఉంది. రంగు తీసేసేసరికి, ఇంకేముంది. నేను ఆ తోరణాన్ని రెండు వారాలుగా రోజూ చూస్తున్నాను, అందుకే ఫోటోలో చూడలేదు. కర్నల్ మొదటినుంచీ చెబుతూనే ఉన్నాడు, మొహం చూసే ముందు అంచులు చూడు, అంచులు చూడు అని. చెత్తకుండీ గురించి వివరణ అడిగినవాణ్ణి, నా ఫోటోలో తోరణం నాకు కనబడలేదు.

ఇప్పుడు రెండోది. ఆ "ఓం శాంతి" చూసిన సాయంత్రమే తెలిసింది నాకు. వెంటనే సరిదిద్దాలని కూర్చున్నాను కూడా. "మా అమ్మగారు క్షేమంగా ఉన్నారని తెలియజేయడమైనది" అని కొట్టాను. సరిగ్గా అప్పుడే కర్నల్ మాట వచ్చింది, వాళ్లమ్మకి ఫోన్ చేశానని. ఆ మాట పక్కన నా వాక్యం పెట్టడానికి చేతులు రాలేదు. రేపు రాద్దామనుకున్నాను. రేపటికి ఇంకో యాభైమంది రాశారు. ఎల్లుండికి ప్రదర్శనకి ఎంపిక చేశామన్నారు. నాకు కోపం వచ్చింది, నిజం చెబుతున్నాను, అందరి మీదా. ఇన్నాళ్లూ తిట్టి, ఒక మంచి ఫోటో తీస్తే దాన్ని ఫోటోగా చూడరేమిటి? కొత్తిమీర బేరం గెలిచిన మనిషి మొహంలో వీళ్లకి మోక్షం కనిపించిందట. ఒకడు రాశాడు, "ఈ లోకంతో లావాదేవీలన్నీ ముగించిన కళ్లు" అని! బండివాడు వింటే ఏమంటాడో.

అయినా నువ్వన్నది నిజమే. పోనీ అనుకోవడం తప్పు. నీ ఉత్తరం అందిన రోజునే నిజం రాసేశాను.

తర్వాత జరిగింది చెప్పడానికి నోరు రావడం లేదు. సగం మంది తాము రాసినవి తుడిచేశారు. ఒకడు, మా అమ్మ ఈ ఏడే పోయింది, మీ ఫోటో ముందు కూర్చుని నేను ఏడ్చాను, మీరు మూడు వారాలు చూస్తూ ఊరుకున్నారు అని రాశాడు. క్షమించమన్నాను. వాడు మళ్లీ రాయలేదు. కర్నల్ ఒకటే రాశాడు: "ఆ ఫోటో ప్రదర్శనలో ఉండదు." అంతే, పేరు కూడా పెట్టి పిలవలేదు.

కెమెరా బీరువా మీద పెట్టేశాను. ఇక తియ్యను.

సదాశివరావు


కాకినాడ
17 నవంబరు 2006

పూజ్యుడైన అన్నయ్యకు,

ఉష నమస్కారాలు. రిపోర్టు మీ బావగారు రెండుసార్లు చదివారు. ఇప్పుడు నాకు అన్నం సహిస్తోంది.

కోపంలో ఎక్కువ రాశాను. పట్టించుకోకు. కానీ ఒక పని మిగిలిపోయింది. నువ్వు ఫోరమ్‌లో అందరికీ నిజం చెప్పావు, నాకు చెప్పావు, నవదీప్‌కి నేను చెప్పాను. అమ్మకి ఎవరు చెప్పారు? ఆవిడ ఇంకా తను పోతున్నాననే అనుకుంటోంది. మనిద్దరం ఏడవకుండా చూసుకోవాలని రోజూ ధైర్యంగా ఉంటోంది. తలుచుకుంటే నా ప్రాణం ఉసూరుమంటోంది.

మొత్తం చెప్పెయ్యి. ఫోటో చూపించు. తిడితే తిట్టనీ.

ఉష


ఆర్.కె. పురం
12 డిసెంబరు 2006

చిరంజీవి ఉషకు,

ఆశీస్సులు. చలి మొదలైంది. దీనితో రెండు ఫోటోలు పంపుతున్నాను. కవరు విప్పేముందు ఇది చదువు.

అమ్మకి చెప్పాను. పక్కన కూర్చుని మొదటినుంచీ చెప్పాను, నాన్నగారి భుజం మీద చెయ్యి దగ్గర్నుంచి. తను పోవడం లేదని తెలిసి సంతోషిస్తుందనుకున్నాను. మొదట కోపం వచ్చింది. "అయితే నా రాగి బిందె నాకిచ్చెయ్యమను" అంది మీ వదిన వైపు చూడకుండా. తర్వాత ఫోటో అడిగింది. కళ్లకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇది ఆ కొత్తిమీర రోజు కదూ" అంది. అవునన్నాను. "బాగానే తీశావే. మరి దీన్ని ఎందుకు తీసేశారు వాళ్లు?"

నువ్వు బతికున్నావని తెలిసి అన్నాను. ఇంకెలా చెప్పను?

ఆవిడ మొహం చూడాల్సింది ఉషా. "నేను బతికుంటే ఫోటో తీసేస్తారా? ఎక్కడ వాళ్లు? ఆటో పిలు" అంది. వద్దమ్మా, నోయిడా చాలా దూరం, చలి, వాళ్లు నా మొహం కూడా చూడరు అన్నాను. వింటేనా. పట్టుచీర కట్టింది, దాని మీద నా స్వెటరు వేసుకుంది. ఇషిత కూడా బయల్దేరింది. వద్దన్నా వినకుండా బీరువా మీది కెమెరా కూడా తీసి బ్యాగులో వేసుకుంది.

ప్రదర్శన ఆ రోజే మొదలైంది, హాలు నిండా జనం. కర్నల్ ఎవరో చూపించాను, తెల్ల మీసాల మనిషి, నిటారుగా ఉన్నాడు. అమ్మ తిన్నగా ఆయన ముందుకెళ్లి నిలబడింది. "మై దుర్గాంబ. మై జిందా హూఁ" అంది. ఆయనకి ఒక క్షణం అర్థం కాలేదు. అయ్యాక మొహం పాలిపోయింది. "మై మర్ గయీ తో ఫోటో అచ్ఛా, జిందా హై తో ఖరాబ్? యే కైసా న్యాయ్ భయ్యా?" అంది అమ్మ. పోతే బాగున్న ఫోటో, బతికుంటే పాడైపోతుందా అని. ఆవిడ హిందీలో ఎన్ని తప్పులున్నాయో లెక్కలేదు, కానీ హాల్లో ఎవరికీ అర్థం కాకుండా పోలేదు. నేను గోడలోకి దూరిపోదామనుకున్నాను.

కర్నల్ వంగి అమ్మ కాళ్లకి దణ్ణం పెట్టాడు. "మాతాజీ, ఆప్ సహీ హైఁ" అన్నాడు, మీరన్నదే సరి అని. ఒక బల్ల కింద నుంచి నా ఫోటో తీశాడు. పారేయలేదు, చట్రం కట్టించే ఉంచాడు. కిటికీ దగ్గరకి తీసుకెళ్లి, అమ్మని ఒకసారి, ఫోటోని ఒకసారి చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు. "సదాశివ్ జీ, చట్రం ఎడమకి ఒరిగింది. ఆ తోరణం మీరు చూడలేదు, అది పెద్ద తప్పు. మూడు వారాలు నోరు విప్పలేదు, అది ఇంకా పెద్ద తప్పు" అన్నాడు. తల వంచుకుని విన్నాను. ఆయన మళ్లీ ఫోటో చూసి, "కానీ నేనూ తప్పే చూశాను. ఇది శాంతి కాదు. ఈవిడ ఎవరితోనో యుద్ధం గెలిచి నిలబడింది. అది మీకు దొరికింది. బాగుంది" అన్నాడు.

బాగుంది అన్నాడు ఉషా. ఇన్ని నెలలు ఈ మాట కోసమే కదా. అప్పుడు నాకు సంతోషం వేసిందో లేదో కూడా తెలియలేదు. అద్దాలు తుడుచుకున్నాను.

ద్వారం ఎదురుగా వేరే ఫోటో ఉంది, దాన్ని తియ్యలేదు. నాది టీ బల్ల పక్కన తగిలించారు. చాలు. ఆ తల్లి పోయినతను వచ్చాడేమోనని చూశాను. రాలేదు.

అప్పుడు ఇంకొకటి జరిగింది. అమ్మ కుర్చీ ఒకటి లాక్కుని కూర్చుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని, "ఇప్పుడు తియ్యి, చెప్పి తియ్యి" అంది. అందరి ముందూ. ఇషిత కెమెరా నా చేతిలో పెట్టింది. వెలుతురు వెనకనుంచి వస్తోంది, అమ్మ వెనక ఎవరిదో మోచెయ్యి, నేను అంచులు చూడడం మళ్లీ మరచిపోయాను. "అయిందా?" అని ఆవిడ నోరు తెరిచినప్పుడు నొక్కాను. కర్నల్ చూసి ఏమీ అనలేదు. అంత పాడుగా ఉంది.

ఆ రెండూ పంపుతున్నాను. అమ్మ మాట కూడా పంపమంది, ఆవిడ మాటల్లోనే రాస్తున్నాను: "ఉషతో చెప్పు, కిటికీలోది తర్వాతికి. దండ దాంట్లోనే ఉంది, మీకు పని తప్పింది."

సదాశివరావు


కాకినాడ
24 డిసెంబరు 2006

పూజ్యుడైన అన్నయ్యకు,

ఉష నమస్కారాలు. కవరు అందింది.

కిటికీలో ఫోటోని మీ బావగారు వెలుతురులోకి తీసుకెళ్లి మళ్లీ చూశారు. నవదీప్ సెలవుకి వచ్చి ఉన్నాడు, ఇది మామూలు ఫోటో కాదమ్మా, మావయ్యకి చెప్పు అన్నాడు. చెబుతున్నాను. నువ్వు సాధించావు అన్నయ్యా. ఆ కర్నల్ అన్నాడని కాదు, నేను అంటున్నాను.

రెండో ఫోటో టెలిఫోను పైన గోడకి పెట్టాను. నువ్వు పాడు ఫోటో అన్నావు. అవును, నీడగా ఉంది, ఒక పక్కకి వాలింది, వెనకాల మోచెయ్యి కూడా ఉంది. మన ఇంటి ఫోటోల్లో ఎవరిదో ఒక చెయ్యి మిగలకుండా ఉండదు కాబోలు. కానీ దాంట్లో అమ్మ నిన్ను చూస్తోంది. స్వెటరు నీదని ఎవరికైనా తెలుస్తుంది. నోరు తెరిచి "అయిందా?" అంటోంది, నాకు వినబడుతోంది. మీ ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా దాన్ని చూస్తూ మాట్లాడుతున్నాను.

కిటికీలోది పాత పంచెలో చుట్టి బీరువాలో, నా పట్టుచీరల అడుగున పెట్టాను. నువ్వు తీసిన వాటిలో అదే గొప్పదని నాకూ తెలుసు. కోపం తెచ్చుకోకు. అది చాలా ఏళ్లు అక్కడే ఉండనీ, అన్నయ్యా.

నీ చెల్లెలు,
ఉష